వెలిసిన వూళ్ళు

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళని మనవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండే రెండు. నయాగరా చూశారా? స్వేచ్ఛాదేవి విగ్రహం చూశారా? నేను ఆ రెండూ చూడలేదు. నేను చూసిందల్లా గాడిదకు సమాధి కట్టిన వూరొకటి, పది వేల అడుగుల యెత్తున కూర్చుని పాత వైభవాన్ని నెమరు వేసుకునే వూరొకటి, ఆ రెంటి చుట్టూ పరచుకున్న పచ్చిక బయళ్ళూ, గనులు తవ్విపోసిన మట్టి గుట్టలూను. "వీటి కోసం అంత డబ్బు తగలేసి వెళ్ళాలా, అక్కయ్యా?" అని మా చెల్లెలు మొహం మీదే అడిగేసింది. దానికి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను.

మా అమ్మాయీ, అల్లుడూ డెన్వరు నగరాన్ని ఆనుకుని వున్న అరోరాలో కాపురం వుంటున్నారు. 2024లో వేసవి దాటాక మేమిద్దరం వెళ్ళి మూడు నెలలు వున్నాం. శ్రావణమాసంలో అమ్మాయి చేత వరలక్ష్మీ వ్రతం చేయించాను. కలశంలో వెయ్యడానికి మా అమ్మమ్మగారి వెండి రూపాయి వెంట తీసుకువెళ్ళాను. 1919 నాటిది, అయిదవ జార్జి బొమ్మ వున్నది. ఆవిడ పెళ్ళిలో పుట్టింటివారు కొంగున ముడివేసి పంపారట. అమ్మమ్మ మా అమ్మకిచ్చింది, అమ్మ నాకిచ్చింది, ఇక అమ్మాయి వంతు. వ్రతం అయ్యాక దాన్ని ఇంట్లో పెడితే మా మనవడు ఎక్కడ మాయం చేస్తాడోనని నా చేతిసంచిలోనే వుంచుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

సెప్టెంబరు మూడో వారంలో రెండు రోజులు సెలవు దొరికితే, "కొండల్లోకి వెళదాం, అత్తయ్యగారూ. ఆస్పెన్ చెట్లు పసుపు తిరిగే రోజులు" అన్నాడు అల్లుడు. మావారికి పచ్చ ఆకులైనా పసుపు ఆకులైనా ఒకటే. ఆయన నలభై యేళ్ళు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టిన మనిషి. అయినా పులిహోర కలుపుతున్నానని తెలిసి బయలుదేరారు.

డెన్వరు మైలు యెత్తున వున్న నగరం. అక్కడి నుంచి పడమరగా గంటన్నర పోతే కెనోషా అనే కనుమ వస్తుంది. యెత్తు పది వేల అడుగులు. దారి పొడుగునా తెల్లని బోదెల ఆస్పెన్ చెట్లు. గాలి వీస్తే ప్రతి ఆకూ వేరువేరుగా వణుకుతుంది. పెళ్ళిపందిట్లో ఎవరో పసుపు గుప్పిళ్ళతో చల్లినట్టుంది. కనుమ మలుపు తిరిగేసరికి కాళ్ళ కింద నుంచి నేల దిగజారిపోయి, ఎదురుగా పెద్ద మైదానం. దాని పేరు సౌత్ పార్కు. పార్కంటే మన మునిసిపాలిటీ వాళ్ళ సిమెంటు బెంచీల పార్కు కాదు సుమండీ. చుట్టూ కొండలుండి మధ్య సుమారు వెయ్యి చదరపు మైళ్ళు పరచుకున్న గడ్డి నేల.

1859లో ఇక్కడి వాగుల్లో బంగారు రేణువులు దొరికాయి. దొరికాయన్న వార్త పొక్కగానే జనం కట్టుబట్టలతో పరుగెత్తుకొచ్చారు. ముందు వచ్చినవాళ్ళు తారియాల్ వాగు పొడుగునా హద్దులు పాతుకుని కూర్చున్నారు. వెనక వచ్చినవాళ్ళు వాళ్ళకి 'గ్రాబాల్' అని, అంటే అంతా మింగేసేవాళ్ళని పేరు పెట్టి, పదిమైళ్ళ అవతల తమ గుడారాలు వేసుకుని ఆ చోటికి 'ఫెయిర్ ప్లే' అన్నారట. మన భాషలో చెప్పాలంటే న్యాయపురం. ఆ న్యాయం ఎన్నాళ్ళు సాగిందో గాని పేరు మాత్రం నిలిచిపోయింది.

బంగారం కోసం వచ్చినవాళ్ళలో తెలివైన వాళ్ళు కొందరు బంగారం జోలికే పోలేదు. శామ్యూల్ హార్ట్‌సెల్ అనే ఆయన 1860లో వచ్చాడు. వందల మైళ్ళు బళ్ళు లాగి కాళ్ళరిగిపోయిన ఎద్దుల్ని వలస వచ్చినవాళ్ళు కారుచౌకగా వదిలించుకుంటుంటే చూశాడు. వాటిని కొని ఈ గడ్డిలో వదిలితే నెలల్లో నిగనిగలాడే పశువులయ్యాయి. తవ్వేవాడికి దొరికినా దొరకకపోయినా ఆకలి తప్పదు కదా! ఆ పశువుల మందతోనే ఆయన ఆస్తిపరుడయ్యాడు. ఆయన పేరుతో వూరు కూడా వుంది.

దారి పక్కన కంచెల వెనుక ఇప్పటికీ మందలున్నాయి. నల్లటి, ఎర్రటి పశువులు, బలంగా వున్నాయి గాని మూపురాల్లేవు. ఒంగోలు ప్రాంతంలో పుట్టి పెరిగినదాన్ని, మూపురం లేని గిత్తని చూస్తే బొట్టులేని మొహం చూసినట్టుంటుంది నాకు. మన ఒంగోలు జాతి రక్తం కూడా అమెరికా చేరింది. అక్కడి బ్రాహ్మన్ పశువుల్లో వుంది. కాని అవి టెక్సాసు వంటి వేడి ప్రదేశాలకు తగినవి. ఈ చలికి, ఈ యెత్తుకి ఓర్చవు. ఆ మాటకొస్తే యెత్తు అలవాటులేని ఏ పశువునయినా ఇక్కడికి తోలితే కొన్నిటికి గుండె అలసి రొమ్ము దగ్గర నీరు దిగుతుంది. 1915లోనే కొలరాడో వ్యవసాయ కళాశాల పశువైద్యులు ఈ జబ్బును గురించి రాశారు. అల్లుడు ఇది చెబుతుంటే మావారు మెల్లిగా తన రొమ్ము తడిమి చూసుకున్నారు.

ఆ పశువులు ఎందుకోసం మేపబడుతున్నాయో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అది మన అలవాటు, మన నమ్మకం. వాళ్ళ ముందు అనలేదు, మీ ముందు దాచడమెందుకు?

గడ్డిబయలు అంతా ఒక తీరుగా లేదు. కొన్నిచోట్ల మోకాలెత్తు గడ్డి, కాలువ గట్లు, దొంతరలుగా పేర్చిన గడ్డిమోపులు. దాని పక్కనే, అదే కొండ కింద, మైళ్ళకొద్దీ బూడిదరంగు నేల. ఒక పాత కొట్టం, చూరు వంగి, ఆ బీడులో ఒంటిగా నిలబడి వుంది.

"ఇక్కడ వానలు లేవా?" అన్నాను.

అల్లుడు కాస్త నసిగి చెప్పాడు. ఈ రాష్ట్రంలో నీళ్ళ హక్కు నేల హక్కుకు కట్టుబడి వుండదట. ముందు ఎవరు వాడుకుంటే వారిది మొదటి హక్కు. ఆ హక్కును నేల నుంచి విడదీసి అమ్ముకోవచ్చు. డెన్వరు చుట్టూ వున్న పట్టణాలు పెరిగేసరికి నీళ్ళు చాలక, ఈ మైదానంలోని రైతుల దగ్గర హక్కులు కొన్నాయి. పశువుల ధర పడిపోయి, అప్పులపాలయిన వాడికి ఆ డబ్బు ఆశ కాదా? అమ్మాడు. నీళ్ళు కొండ దిగి వెళ్ళిపోయాయి. పచ్చిక ఎండిపోయింది.

"కొన్నది ఏ పట్టణం?"

"కొన్న వాటిలో మన అరోరా కూడా వుందండీ. ఆ కనబడే దిగువన స్పిన్నీ జలాశయం వుంది, 1981లో కట్టారు. అదీ అరోరాదే."

కృష్ణ కాలవ నీళ్ళు ఆలస్యమయితే చివరి భూముల వాళ్ళు పడే అవస్థ కళ్ళారా చూసినదాన్ని. అమ్మాయి ఇంటి ముందు గజం జాగాలో లేని లాను కోసం రోజూ తుంపర్లు కొడుతుంటారు. ఆ తుంపర్ల తాలూకు గడ్డి ఇక్కడ ఎండిందన్నమాట. అల్లుణ్ణి అనడానికేముంది? అతను కొనలేదు, అమ్మలేదు. నెలనెలా బిల్లు కడుతున్నాడు. అయినా ఆ కొట్టం దాటిపోయేదాకా కారులో ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఫెయిర్ ప్లేలో పులిహోర విప్పాం. వూరి నడివీధిలో, నగిషీగా కట్టిన చిన్న స్మారకం. గాడిదది! దాని పేరు ప్రూన్స్. ఈ కొండ గనులన్నిటికీ బరువులు మోసి మోసి, అరవై మూడేళ్ళు బతికి 1930లో చచ్చిపోయిందట. ముసలితనంలో ఇంటింటి వెనక గుమ్మం దగ్గరా నిలబడి రొట్టె ముక్కలు అడుక్కు తినేదట. దాని స్నేహితుడు రూప్ షెర్‌వుడ్ అనే ముసలి గనివాడు మరుసటేడు పోతూ, తన బూడిద దాని దగ్గరే పాతమన్నాడు, అలాగే పాతారు. మనవాళ్ళు గాడిద చాకిరీ అంటారే గాని, ఆ చాకిరీకి ఇంత గౌరవం చేసిన వూరిని నేనింకెక్కడా చూడలేదు. మా మనవడు ఆ సమాధి దగ్గర పులిహోర మెతుకులు నాలుగు వుంచాడు. వద్దనబోయి వూరుకున్నాను.

ఆ వూరి పక్కనే 1959లో తెరిచిన ప్రదర్శనశాల వుంది. పాడుపడ్డ గనుల వూళ్ళ నుంచి ఇళ్ళనీ, కొట్లనీ పెళ్ళగించి తెచ్చి ఒక వీధిగా నిలబెట్టారు. మందుల కొట్టు, బడి, పళ్ళ డాక్టరు కుర్చీ, అన్నీ వున్నాయి. ముచ్చటగానే వుంది. కాని చుట్టాలంతా వెళ్ళిపోయిన పెళ్ళింట్లో తిరుగుతున్నట్టు నాకెందుకో గుబులనిపించింది.

అక్కడి నుంచి హూసియర్ కనుమ, ఆపైన బ్రెకెన్‌రిడ్జ్. అదీ గనుల వూరే. ఇప్పుడు మంచుమీద జారేవాళ్ళ వూరు. రంగురంగుల కొట్లు, కారు నిలపడానికి చోటు లేదు. కాఫీ ధర చూసి మావారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తాగకుండానే కదిలాం.

ఫ్రీమాంట్ కనుమ దగ్గర మాత్రం కారు ఆపించాను. పదకొండు వేల మూడు వందల అడుగుల యెత్తు. ఎదురుగా కొండ; కాదు, సగం కొండ. మిగతా సగాన్ని తినేశారు. క్లైమాక్స్ గని అది. మాలిబ్డినం అనే లోహం. ఉక్కులో కాసింత కలిపితే గట్టిపడుతుంది. ఒకప్పుడు ప్రపంచానికి కావలసిన ఆ లోహంలో ఎక్కువ భాగం ఈ ఒక్క కొండే ఇచ్చింది. లోయ నిండా పిండి చేసి పారేసిన రాతి బురద, ఆరి, పసుపుపచ్చగా బల్లపరుపుగా వుంది. దాని అడుగున కోకోమో, రాబిన్సన్ అనే పాత వూళ్ళున్నాయి. వూళ్ళంటే వూళ్ళే, ఇళ్ళు కట్టుకుని, పిల్లల్ని కని, బడికి పంపిన వూళ్ళు. మన శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో వూళ్ళు మునిగితే వేసవిలో ఎప్పుడయినా గుడి గోపురం బయటపడుతుంది. ఈ బురద కింద వాటికి ఆ భాగ్యం కూడా లేదు.

సాయంత్రానికి లెడ్‌విల్ చేరాం. యెత్తు పది వేల నూట యాభై అడుగుల పైమాట. నాలుగు మెట్లెక్కితే నాలుగు మైళ్ళు పరుగెత్తినట్టు వుంటుంది. వెడల్పాటి పెద్ద వీధి, రెండు పక్కలా పాత ఇటుక మేడలు, వీధి చివర మంచు తలపాగాలు చుట్టుకోబోయే ఎల్బర్ట్, మాసివ్ శిఖరాలు. 1880 జనాభా లెక్కల్లో ఈ వూళ్ళో 14,820 మంది. 2020లో రెండున్నర వేల చిల్లర.

ఈ వూరి కథ తమాషాగా వుంటుంది. 1860లో ఇక్కడికీ బంగారం కోసమే వచ్చారు. జల్లించే తొట్లలో బరువయిన నల్ల ఇసుక అడ్డుపడి విసిగిస్తుంటే తిట్టుకుంటూ పారబోశారు. పదిహేనేళ్ళ దాకా ఎవరికీ తోచలేదు, ఆ నల్ల ఇసుకలో సీసంతో కలిసి వెండి వుందని. తెలిసిన మరుక్షణం తిరనాళ్ళే.

అప్పటికి ఇక్కడ కొట్టు పెట్టుకుని వున్నాడు హోరేస్ టేబర్. 1878లో ఇద్దరు గనివాళ్ళకి అరువు కింద సామాను ఇచ్చాడు, దొరికిన దానిలో మూడో వంతు తనదని. వాళ్ళు తవ్విన చోటే వెండి పడింది. ఆ డబ్బుతో ఇంకా గనులు కొన్నాడు. 'మ్యాచ్‌లెస్' అనే గని అందులో ఒకటి. వూళ్ళో పెద్ద నాటకశాల కట్టించాడు, అది ఇప్పటికీ వుంది. రాష్ట్రానికి ఉపగవర్నరు అయ్యాడు. డబ్బు వస్తే కొందరికి ఇల్లు ఇరుకవుతుంది. కట్టుకున్న ఆగస్టాని వదిలేసి, బేబీ డో అనే అందగత్తెను 1883లో వాషింగ్టనులో పెళ్ళాడాడు. దేశాధ్యక్షుడు ఆ పెళ్ళికి వచ్చాడు. పదేళ్ళలో అంతా పోయింది. 1899లో టేబర్ చనిపోయేనాటికి పోస్టుమాస్టరు వుద్యోగం చేసుకుంటున్నాడు. బేబీ డో మ్యాచ్‌లెస్ గని పక్కన చెక్క గుడిసెలో ఏళ్ళ తరబడి ఒంటిగా బతికి, 1935 చలికాలంలో గడ్డకట్టి చనిపోయి కనిపించింది. 'ఆ గనిని వదలకు' అని భర్త చివరి మాట చెప్పాడని అంటారు. అది తరవాత అల్లిన మాటేనని తెలిసినవాళ్ళు చెబుతారు. ఆవిడ మీద సంగీతనాటకం కూడా వచ్చింది.

ఆ గుడిసె చూశాను. జాలి వేసింది. కాని నా మనసంతా ఆగస్టా మీదే. 1860లో చంటిపిల్లవాణ్ణి చంకనేసుకుని ఈ లోయలోకి మొట్టమొదట వచ్చిన ఆడది ఆవిడే అంటారు. గనివాళ్ళకి వండి పెట్టింది, రొట్టెలు కాల్చి అమ్మింది, బంగారం తూచింది, వుత్తరాల పని చూసింది. మొగుడు వదిలేస్తే ఇచ్చిన ఆస్తిని ఒక్క పైసా తగలెయ్యకుండా కాపాడుకుని, 1895లో ధనవంతురాలిగానే పోయింది. ఆవిడ మీద నాటకం రాయడానికి మాత్రం ఎవరికీ అంత సరదా పుట్టలేదు. జాగ్రత్తగా సంసారం చేసిన ఆడదాని కథకి ఎక్కడయినా గిరాకీ తక్కువే.

మేము బస చేసింది ఒక పెద్దావిడ ఇంట్లో. పై అంతస్తులో రెండు గదులు బాటసారులకు అద్దెకిస్తుంది. డెబ్బై దాటి వుంటాయి. చలి గాలికి బుగ్గలు ఎర్రగా కమిలి, చేతులు మాత్రం మన పల్లెటూరి రైతుబిడ్డ చేతుల్లా వున్నాయి. నేను చీరమీద స్వెట్టరు వేసుకుని వణుకుతుంటే చూసి, అడక్కుండానే వేడినీళ్ళ సీసా తెచ్చి ఒళ్ళో పెట్టింది. అమ్మాయి మధ్యవర్తిగా ఇద్దరం కబుర్లలో పడ్డాం.

ఆవిడ భర్త క్లైమాక్స్ గనిలో పనివాడు. 1980 ప్రాంతాల్లో ఆ గనిలో మూడు వేల మంది పనిచేసేవారు. లోహం ధర పడిపోయింది. 1982లో తీసివేతలు మొదలయ్యాయి. నాలుగేళ్ళు గడిచేసరికి గని దాదాపు మూతపడింది. 2012 దాకా తిరిగి తెరవలేదు. ఒక్క జీతం మీద బతికే వూరు ఏం కావాలి? వీధికి నాలుగిళ్ళు తాళాలు పడ్డాయి.

"మేమూ పోదామనే ఇల్లు అమ్మకానికి పెట్టాం. కొనే నాథుడు లేడు. రెండేళ్ళు చూశాం. తరవాత కొనేవాళ్ళు వచ్చారు. అప్పటికి మాకు పోవాలని లేదు" అంది.

కొండకి అవతల, 1962లో గొర్రెలు మేసే లోయలో వెలిసిన వెయిల్ అనే మంచు ఆటల పట్టణం వుంది. అక్కడి హోటళ్ళలో పక్కలు పరవడానికి, తెల్లవారుజామునే బస్సెక్కి టెనెసీ కనుమ దాటి ఇరవై యేళ్ళు వెళ్ళి వచ్చిందట. అక్కడ పనిచేసేవాళ్ళు అక్కడ ఇల్లు తీసుకుని వుండలేరు. ఇప్పటికీ లెడ్‌విల్ నుంచి బస్సులు నిండుగా వెళుతూనే వున్నాయి. ఇప్పుడు ఈ వూళ్ళోనూ ధరలు కొండెక్కాయి. మనవరాలికి ఇక్కడ ఇల్లు కొనే శక్తి లేదు. భర్త పోయి ఆరేళ్ళయింది. పై గదులు అద్దెకివ్వడం అందుకే.

"మీరు ఇండియా నుంచి ఇంతదూరం వచ్చి ఈ వూరే ఎందుకు చూస్తున్నారు?" అని అడిగింది.

మావారు గొంతు సవరించుకున్నారు. ఆ రోజంతా నోరు విప్పని మనిషి, లెక్కల మాట రాగానే లేచి కూర్చున్నారు.

"అమ్మాయీ, ఆవిడతో చెప్పు. 1893 జూన్ 26న ఏం జరిగిందో తెలుసునా అని అడుగు."

ఆవిడకి తెలుసు. వెండి ధర పడిపోయిన సంవత్సరం ఆ వూళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసట. ఎందుకు పడిందన్నది మాత్రం అంతగా తెలియదు.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో మన దేశంలో ఎవరయినా సరే వెండి తీసుకువెళ్ళి టంకశాలలో ఇస్తే రూపాయిలు కొట్టి ఇచ్చేవారు. ప్రపంచంలో వెండికి పెద్ద గిరాకీదారుల్లో మన దేశం ఒకటి. ఐరోపా దేశాలు ఒక్కొక్కటే బంగారు నాణెం వైపు తిరిగిపోవడంతో వెండి ధర దిగుతూ వచ్చింది. దానితోపాటు రూపాయి విలువా దిగింది. మన ప్రభుత్వం యేటా లండనుకు కట్టవలసిన సొమ్ము బంగారంలో కట్టాలి, పన్నులు వచ్చేది వెండిలో. అది గిట్టక, లాన్స్‌డౌన్ ప్రభువు రాజప్రతినిధిగా వుండగా, ఆ జూన్ 26న టంకశాలల్ని ప్రజల వెండికి మూసేశారు. తంతి వార్త సముద్రాలు దాటింది. ఔన్సు 83 సెంట్ల దగ్గర వున్న వెండి నాలుగైదు రోజుల్లో 62కి దిగింది. కొలరాడోలో గనులు మూతపడ్డాయి. వేలమంది పనివాళ్ళు కాలినడకనా, గూడ్సు బళ్ళమీదా డెన్వరు చేరారు. జూలైలో డెన్వరులో మూడు రోజుల్లో పన్నెండు బ్యాంకులు తలుపులు వేసేశాయి. నవంబరులో అమెరికా ప్రభుత్వం తాను నెలనెలా కొనే వెండిని కూడా ఆపేసింది. టేబర్ కూలిపోయింది ఆ దెబ్బకే.

అమ్మాయి ఇదంతా తర్జుమా చేసేసరికి ఆవిడ కాఫీ చల్లారిపోయింది. నా మొహంలోకి చూసి నవ్వింది. "అయితే మా తాతల్ని వీధిలో పడేసింది మీరన్నమాట!"

"మేం కాదమ్మా, మమ్మల్ని ఏలినవాళ్ళు" అన్నాను.

"మమ్మల్ని ఏలినవాళ్ళు కూడా ఇక్కడ వుండేవాళ్ళు కారులెండి" అంది.

అప్పుడు గుర్తొచ్చి, సంచిలోంచి అమ్మమ్మ రూపాయి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి చూసింది. నగల బేరగాడు కూడా అంత సూటిగా తూచడు. లేచివెళ్ళి బీరువా సొరుగులోంచి ఒక వెండి డాలరు తెచ్చింది. 1889 నాటిది, భర్త తరఫు తాతగారిదట. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టాం. డాలరు ముందు రూపాయి, పెద్ద కోడలి పక్కన చిన్న కోడలిలా వుంది.

మావారు వూరుకోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశంలో రూపాయిలకు కరువొచ్చింది. కాగితం నోట్లు తెచ్చి వెండి ఇమ్మని జనం పోటెత్తారు. ఆ గండం గట్టెక్కించడానికి 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, ఖజానాలో మూలుగుతున్న వెండి డాలర్లు సుమారు 27 కోట్లు కరిగించింది. అందులో అధికభాగం ఇండియాకే పంపింది. అవి టంకశాలలో రూపాయిలయ్యాయి. అంటే, 1893కి ముందు ఈ కొండల్లో తవ్విన వెండి డాలరై, పాతికేళ్ళు చీకట్లో పడివుండి, చివరికి మన దేశపు పెళ్ళికూతుళ్ళ కొంగుల్లో చేరిందన్నమాట. ఈ రూపాయిలో ఆ వెండి వుందని ప్రమాణం చెయ్యలేం, లేదనీ చెయ్యలేం.

ఆయన కాగితం పెన్సిలు అడిగి, డాలరులోని వెండినీ రూపాయిలోని వెండినీ లెక్కగట్టి, గర్వంగా తలెత్తారు. "ఒక్క డాలరు కరిగిస్తే సరిగ్గా రెండు రూపాయిల నాలుగణాలు!"

అణా అంటే ఏమిటని ఆవిడ అడిగింది. మావారు సంతోషంగా చెప్పడం మొదలుపెట్టారు. దమ్మిడీ దాకా వెళ్ళేసరికి మనవడు నిద్రపోయాడు.

పడుకోబోయే ముందు ఆవిడ అంది: "రేపు వెళ్ళేటప్పుడు శ్మశానానికి వెళ్ళి చూడండి. మ్యూజియంలో పెట్టనివి అక్కడున్నాయి."

మనకు ప్రయాణంలో శ్మశానం చూడటం ఆచారం కాదు. అయినా వెళ్ళాం. వూరి అంచున పొడుగాటి పైన్ చెట్ల అడివి. ముందు భాగంలో చలవరాతి సమాధులు, దేవదూతల బొమ్మలు. వెనక్కి వెళ్ళేకొద్దీ రాళ్ళు లేవు. చెట్ల మధ్య నేలలో వరసగా గుంటలు. పైన ఎండుటాకులు. ఒక్కొక్కటి మనిషి పొడుగు, అంతకంటే పొట్టివి కూడా చాలా వున్నాయి. అడుగున చెక్కపెట్టెలు చివికి మట్టి దిగబడిన చోట్లు అవి. వెయ్యి మందికి పైగా పాతిపెట్టారట. ఎక్కువమంది ఐర్లండు నుంచి వచ్చినవాళ్ళు. తమ వూళ్ళో రాగి గనులు మూతపడితే ఇక్కడికి వచ్చి వెండి తవ్వినవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. న్యుమోనియా వచ్చీ, గనులు కూలీ పోయారు. రాయి వెయ్యడానికి డబ్బు లేదు. పెట్టిన చెక్కలు ఎప్పుడో పుచ్చిపోయాయి.

వీళ్ళలో బతికినవాళ్ళే 1896లో అందరికీ రోజుకి మూడు డాలర్ల కూలి కావాలని సమ్మె కట్టారు. కొందరికి రెండున్నరే ఇస్తున్నారు. ఆ సమ్మెకు ముందు చలికాలంలో వూరిపెద్దలు జనాన్ని రప్పించడానికి సుమారు అయిదు వేల టన్నుల మంచుగడ్డలతో పెద్ద కోట కట్టారు. మార్చి నెలలో అది కరగడం మొదలెట్టగానే మూసేశారు. కోట బొమ్మలు వూళ్ళో ప్రతి కొట్లోనూ అమ్ముతున్నారు. సమ్మెకు సైన్యాన్ని దింపారు. మరుసటి యేడు మార్చికి కూలివాళ్ళు ఓడిపోయారు. ఆ అర డాలరు వాళ్ళకి రాలేదు.

జేమ్స్ వాల్ష్ అనే ఆచార్యుడు యేళ్ళ తరబడి పాత రిజిస్టర్లు తిరగేసి ఈ గుంటల్లోని వాళ్ళ పేర్లు వెలికితీశారు. 2023లో అక్కడ ఒక స్మారకం కట్టారు. కూర్చుని వున్న గనివాడి విగ్రహం, చుట్టూ పేర్లు. అమ్మాయి చదువుతూ తిరిగింది. ఒకే ఇంటిపేరు మళ్ళీ మళ్ళీ వస్తోంది. మావారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

మనవడు నా కొంగు పట్టుకుని, "అమ్మమ్మా, ఈ గుంటలన్నీ మనుషులా?" అన్నాడు.

అవునన్నాను. వాడు లెక్కపెడతానని చెట్లలోకి పరుగెత్తాడు. ఒకటి, రెండు అని గట్టిగా అంటుంటే వినిపిస్తోంది. డెబ్బై దాకా వినిపించింది. తరవాత లెక్క తప్పిపోయిందో, చిన్న గుంటలు వచ్చాయో, చప్పుడు చెయ్యకుండా తిరిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చీకటి పడకముందే కనుమ దాటాలని అల్లుడు కారు తిప్పాడు.